కూర్చోవడానికే సరిపోయిన శ్రద్ధ

గర్భం 29వ వారంలో నా రక్తపోటు మందులకు లొంగడం మానేసింది. ముఖం, కాళ్లు వాచాయి. తలనొప్పి తగ్గదు, కళ్లముందు మెరుపులు. గర్భిణులకు రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే ప్రీ ఎక్లాంప్సియా అన్నారు. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేటు ఎక్కిస్తే ఒళ్లంతా సెగలు పుట్టాయి. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఆపరేషన్ చేసి బాబును బయటికి తీశారు. బరువు 1,150 గ్రాములు. నా సంగతి ఇక్కడితో సరి. కొన్ని వారాలకు రక్తపోటు దారికొచ్చింది, మాత్రలు ఆపేశారు. వాడు కోలుకోవడానికే ఏళ్లు పట్టింది.

ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్ గదిలో, వాడికి ముక్కులో సీప్యాప్ గొట్టాలు ఉండేవి, ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపేవి. నెలలు నిండని పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తీయడం ఆపేస్తారు కాబట్టి కెఫీన్ కూడా ఇచ్చారు. మా మామగారు ఆ మాట విని, ‘కాఫీ అలవాటు అప్పుడే మొదలుపెట్టారా?’ అన్నారు. ఆ వారం మేం నవ్వింది ఆ ఒక్కసారే. నాకు బాగా గుర్తున్నది మాత్రం నర్సులు గుడ్డలు చుట్టి వాడి చుట్టూ కట్టిన గూడు. కడుపులో చివరి నెలల్లో చోటు చాలక బిడ్డ ముడుచుకుని పెరుగుతుంది. కాళ్లూ చేతులూ ఒంటికి దగ్గరగా ఉంచుకునే బిగువు అప్పుడే వస్తుంది. ముందే పుట్టినవాడికి ఆ ముడుచుకునే కాలం దక్కదు. పరుపు మీద కప్పలా పరుచుకుపోతాడు, మెడ వెనక్కి వాలుతుంది, భుజాలు వెనక్కి లాగేస్తాయి. గుడ్డల గూడు ఆ లోటును కొంత తీరుస్తుంది. తర్వాత నా గుండెల మీద పడుకోబెట్టి కట్టే కంగారూ సంరక్షణ. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఒక ఆసుపత్రి మొదలుపెట్టిన పద్ధతి అది. మా బాబు అలా నిటారుగా, ముడుచుకుని ఉన్నప్పుడే కళ్లు తెరిచి చూసేవాడు. పడకలో వేస్తే నిద్రో ఏడుపో, రెండే.

ఇంటికొచ్చాక మా అమ్మ బొబ్బట్ల కోసం ఎదురుచూసింది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు కదా. వాడి వయసు పుట్టిన తేదీ నుంచి కాదు, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా చుట్టాలకు ఎక్కలేదు. ఆ లెక్కన చూసినా వాడికి మెడ ఆలస్యంగానే నిలిచింది. అంతకంటే భయపెట్టింది వాడి చూపు. గిలక్కాయ ఊపితే ఒక క్షణం చూసి వదిలేసేవాడు. నెలలు నిండని పిల్లలకు చేసే రెటీనా పరీక్ష చేయించాం, కళ్లలో లోపం లేదన్నారు. మరి ఎందుకు చూడడు?

ఫిజియోథెరపిస్టు ఒక పని చేసి చూపించారు. వాణ్ని కూర్చోబెట్టి, మెడ వెనుక చెయ్యి ఆనించి తలను కదలకుండా పట్టుకున్నారు. ఎర్ర బొమ్మను ఎదురుగా పెట్టారు. వాడి మొహం తేటపడింది. చూపు బొమ్మ మీద నిలిచింది, ఆగి ఆగి చెయ్యి కూడా అటు కదిలింది. ఆవిడ చెయ్యి తీసేయగానే తల ఊగింది, చూపు జారింది, చేతులు ఉలిక్కిపడి విడిపోయాయి. అల్బేర్ గ్రెనియే అనే ఫ్రెంచి శిశువైద్యుడు 1981లోనే దీన్ని వివరించారట: మెడను పట్టి ఉంచితే పసిపిల్లల్లో ఎవరూ ఊహించని ఏకాగ్రత, చేతి కదలిక బయటపడతాయని. ఆ చెయ్యి చేసిన పనిని వాడి మెడ కండరాలే చేయగలిగేదాకా, మెలకువగా ఉన్నప్పుడు నేను దగ్గరే కూర్చుని రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టడం మా పని అయింది.

నడిచాడు, మాటలొచ్చాయి, బళ్లో వేశాం. అంతా సర్దుకుందనుకున్నాక ఒకటో తరగతిలో కొత్త ఫిర్యాదు మొదలైంది: ‘శ్రద్ధ లేదు, బల్ల మీద వాలిపోతాడు, కుర్చీలో మెలికలు తిరుగుతాడు.’ అల్లరి చేస్తాడని ఎవరూ అనలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో శ్రద్ధ సమస్యలు ఎక్కువని, అదీ ఎగిరి దూకడం కంటే ధ్యాస జారిపోయే రకమే ఎక్కువని డాక్టరు చెప్పారు. మెదడులోని తెల్ల పదార్థం, చిన్నమెదడు చివరి నెలల్లో వేగంగా ఎదిగే భాగాలు కావడం కొంత కారణం. ఆ మాటకు నేను తలూపాను గానీ, ఇంట్లో వాడు నేల మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకంలో గంటసేపు మునిగిపోవడం నాకు తెలుసు. శ్రద్ధే లేనివాడు అక్కడ ఎలా చూస్తున్నాడు?

రోజువారీ పనులు చేసుకోగలిగేలా పిల్లలకు శిక్షణనిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గర జవాబు దొరికింది. గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి మూడో ఎక్కం చెప్పమన్నారు. గడగడా చెప్పాడు. ఒంటికాలి మీద నిలబడి చెప్పమంటే మూడు మూళ్ల దగ్గరే ఆగిపోయాడు. రెండోసారి ఎక్కం చెప్పాడు, కాలు దిగింది. అంతవరకు వాడికి శ్రద్ధ ఎంత ఉందన్నదే అందరూ అడిగారు, దేనికి ఖర్చవుతోందని అడిగింది ఆయనే. మనం కూర్చోవడం గురించి ఆలోచించం, నడుమే చూసుకుంటుంది. వీడి నడుము బలహీనం, తూకం తడబాటు. కాళ్లు నేలకందని కుర్చీలో నిటారుగా ఉండడానికే ధ్యాసలో పెద్ద వాటా పోతుంది, టీచరు మాటకు మిగిలినదే దక్కుతుంది. ‘కదలకుండా కూర్చో’ అంటే ఆ మిగిలిందీ పోతుంది. వాడు మెలికలు తిరిగేది కొంత ఆసరా వెతుక్కోవడానికి, కొంత మెలకువ నిలుపుకోవడానికి.

చేసిన మార్పులు చెబితే ఇంతేనా అంటారు. కాళ్ల కింద పీట, మోచేతుల ఎత్తుకు బల్ల, వీపు వెనుక దిండు. నేల మీద మోకాళ్లు ముందుకు, పాదాలు చెరోపక్కకు పెట్టి డబ్ల్యూ ఆకారంలో కూర్చుంటే బాసింపట్టు వేయించడం, అది కష్టమైతే బోర్లా పడుకోనివ్వడం. చదువుకు ముందు ఉయ్యాల, గోడను రెండు చేతులతో తోయడం, పీతనడక. నడుము వ్యాయామాలకు వాడు మొండికేసిన రోజులు ఎక్కువే. తరగతిలో పుస్తకాలు పంచే పని వాడికిచ్చారు. వెనక వరసలో నిలబడి రాసుకోవడానికి ఒప్పించడానికి మాత్రం మావారు చాలా తిరగాల్సి వచ్చింది. మిగతా పిల్లలూ నిలబడతామంటారని బడివాళ్ల భయం. కొందరు నిలబడ్డారు కూడా. నష్టమేమీ జరగలేదు.

శ్రద్ధ లోపాన్ని వ్యాయామాలతో మాయం చేస్తామనే ప్రకటనలను నేను నమ్మను. మా వాడికీ అంతా పోలేదు. చూపు, వినికిడి, నిద్ర, మూర్ఛలు, ఇవన్నీ పరీక్ష చేయించాకే మేం కూర్చునే తీరు దాకా వచ్చాం. కొందరు పిల్లలకు మందులు నిజంగా అవసరమవుతాయి. డబ్బు సంగతికొస్తే, జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన పథకం ఆర్‌బీఎస్‌కే కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రాలలో ఇలాంటి పరీక్షలు, థెరపీ ఉచితం. మాకు ఆ మాట ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నాలుగో తరగతి. కథ వినిపిస్తే చివరిదాకా వింటాడు, మధ్యలో ప్రశ్నలూ వేస్తాడు. నల్లబల్ల చూసి రాసుకోవడం ఇంకా కష్టమే. తల ఎత్తిదించిన ప్రతిసారీ వరస తప్పుతాడు, అందుకని టీచరు ఆ పాఠం కాగితం మీద రాసి పక్కన పెడుతున్నారు. వచ్చే ఏడు గది మారుతుంది. అక్కడి బెంచీలు మరీ ఎత్తు, నేలకు బిగించినవి. పీట మోసుకెళ్లడం వాడికి నామోషీ అట. వడ్రంగితో ఆ బెంచీకే అడుగున పలక కొట్టించవచ్చా అని ప్రధానోపాధ్యాయుణ్ని అడిగాం. కొలతలు తెమ్మన్నారు.