బాబాయి పీకేసే మొక్క, నేను దాచే ఆకు

"మేం కంటపడగానే పీకి తగలెట్టేదాన్ని మీరక్కడ ఫ్రిజ్జుల్లో పెట్టి దాస్తారా? ఇందుకేనా అమ్మాయ్ అంత దూరం వెళ్లావు?"

సంక్రాంతికి వచ్చిన మర్నాడు, లంకలో బెండతోట గట్టు మీద నిలబడి బాబాయి అన్న మాట. కోపంగానే అన్నాడు. ముందు రాత్రి భోజనాల దగ్గర జర్మనీలో నా ఉద్యోగం గురించి నేనే గొప్పగా చెప్పాను. కూరగాయ మొక్కలకొచ్చే వైరస్‌లను గుర్తించి, ఆకుల్ని ఎండబెట్టి భద్రం చేస్తామని. ఆయన తోటలోనేమో పల్లాకు తెగులు పడింది. ఆకుల ఈనెలన్నీ పసుపు దారాలతో కుట్టినట్టు ఉన్నాయి. కాయలు తెల్లబారి గిడసబారిపోయాయి. సంతకు తీసుకెళ్తే ఎవరూ ముట్టుకోరు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ రోజంతా అదే ఆలోచన.

వైరస్‌కి మందు లేదు. బాబాయి కొట్టిన మందులన్నీ దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీదే. షాపులో ఆకు చూపిస్తే డబ్బా ఇస్తారు గానీ ఇది ఏ వైరస్ అని చెప్పే దారి అక్కడ లేదు. ఒకే తోటలో ఒకే రకం పసుపు, ఒకే రకం ముడత కనిపించినా లోపలున్నవి వేరువేరు వైరస్‌లు కావచ్చు. ఫలానాదే అని తేల్చాలంటే, ముందే తెలిసిన వైరస్ పక్కన పెట్టి పోల్చి చూడాలి. ఆ "ముందే తెలిసినది" ఎక్కడో ఎవరో దాచి ఉంచాలి కదా. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ ఊళ్లో సూక్ష్మజీవుల్ని భద్రపరిచే డీఎస్ఎంజెడ్ అనే సంస్థలో మొక్కల వైరస్‌లకు ఒక భాండాగారమే ఉంది. అడిగిన పరిశోధకులకు అక్కడి నుంచి పంపిస్తారు.

దాచడం కూడా అన్నింటికీ ఒకటే తీరు కాదు. టమాటా, పొగాకుల మీద వచ్చే మొజాయిక్ వైరస్‌లు మొండివి. ఎండిన ఆకులో ఏళ్ల తరబడి ఉండి, ఆ రసం రుద్దితే మళ్లీ అంటుకుంటాయి. బెండ పల్లాకు అలా కాదు. రసం రుద్దితే అంటదు, తెల్లదోమ అయినా మోయాలి, అంటు అయినా కట్టాలి. ఎండిన ఆకుతో దాని డీఎన్ఏ చదవగలం, అంతవరకే.

నేను చేరిన కొత్తలో ఒక కవరు మీద పంట పేరు, వైరస్ పేరు రాసి ఊరు రాయలేదు. మా ల్యాబ్ పెద్దావిడ ఆ కవరు తిరిగి నా చేతిలో పెట్టి, ఊరూ తేదీ లేని ఆకు ఎవరికీ పనికిరాదంది. ఆ రోజు బాగా చిన్నబోయాను. తర్వాత పాత పెట్టెలు తెరుస్తుంటే అర్థమైంది. నేను పుట్టకముందు ఎండబెట్టిన ఆకు. దాని మీద ఊరు, పంట, రకం, తేదీ, తెచ్చినవాళ్ల పేరు. ఎవరిదో చచ్చిపోయిన మొక్కకి అంత మర్యాద! నాకు మా లంకే గుర్తొచ్చింది. మా తోటల్లో తెగులొచ్చిన మొక్క కాలవ గట్టున మంటలో పోతుంది. దాని గురించి మిగిలేది అప్పు ఒక్కటే.

పూసా సవాని బాబాయికీ గుర్తే. ఒకప్పుడు పల్లాకుని తట్టుకున్న బెండ రకం, తర్వాత లొంగిపోయింది. ఆనాటి ఆకు, ఈనాటి ఆకు పక్కపక్కన ఉంటే వైరస్ ఎక్కడ మారిందో చూడొచ్చు. సాయంత్రం ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు మంచు ఆరకముందే ఇద్దరం తోటలో దిగాం. తెగులు మొక్కలు పీకించింది నేనే. ఉంచితే మిగతా తోటకీ పాకుతుంది, అందులో బాబాయి మాటే సరైనది. మంటలో వేసేముందు రెండు లేత ఆకులు కోసి, దులిపి, పేపర్లో మడిచాను. అనుమతి కాగితాలు లేకుండా జర్మనీకి తీసుకెళ్లకూడదు. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో ఇచ్చి అడుగుదామనుకున్నాను. కవరు మీద ఊరు, తేదీ, బాబాయి పేరు రాశాను.

"రకం ఏది బాబాయ్?"

గుర్తులేదన్నాడు. పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపు నా చేతిలోని కవరు వంక చూసి, మోటారు షెడ్డులోకి వెళ్లి, ఖాళీ గోతాలన్నీ ఒక్కొక్కటే దులిపి విత్తనాల ప్యాకెట్ కోసం వెతకడం మొదలుపెట్టాడు.