కోడిగుడ్ల లెక్కతో పైథాన్ ఆపరేటర్లు: ప్రోగ్రాం ఎంతవరకు వచ్చింది

గుడ్లు అమ్మే చిన్న కొట్టుకు లెక్క చూసిపెట్టే ప్రోగ్రాం ఇది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. ఎన్ని ట్రేలు, ఎన్ని విడి గుడ్లు, బిల్లు ఎంత, ఎవరి బాకీ ఎంత అన్నవి అది చెబితే చాలు. ఆపరేటర్ల (+, /, % లాంటి గుర్తుల) పట్టికను బట్టీ పట్టడం దండగ. లెక్కలో అవసరం పడిన ఆపరేటర్‌ను అక్కడికక్కడ పట్టుకుంటే అదే గుర్తుంటుంది.

కావలసింది పైథాన్ 3, దానితోపాటు వచ్చే ఐడిల్ (కోడ్ కొట్టి నడిపించే కిటికీ). మూడు బాణాల గుర్తు (>>>) పక్కన ఏ లెక్క కొట్టినా జవాబు వెంటనే వస్తుంది. విలువలు దాచుకునే వేరియబుల్స్‌కు పేర్లు తెలుగులో పెట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది: గుడ్లు = 100 అని నిక్షేపంగా రాయొచ్చు. ఆర్ (or), ఇంట్ (int) లాంటి పైథాన్ మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చొప్పిస్తాయి. అది వేరియబుల్ పేరులో పడితే ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగిపోతుంది, చూడటానికి మాత్రం లైను బాగానే ఉంటుంది. ఆ పేరు చెరిపేసి మళ్లీ కొట్టడమే మందు.

మొదటి విడత: ట్రేలు, విడి గుడ్లు

ట్రేకి 30 గుడ్లు. 100 / 30 అంటే 3.3333333333333335 వస్తుంది, కొట్టులో దానితో పనిలేదు. 100 // 30 అంటే 3, అది భాగఫలం. 100 % 30 అంటే 10, అది శేషం. % గుర్తుకు ఇక్కడ శాతంతో సంబంధమే లేదు. ఒకే గీత ఉన్న / ఎప్పుడూ దశాంశంలోనే జవాబిస్తుంది, 90 / 30 కూడా 3 కాదు, 3.0. పైథాన్ 2లో 7 / 2 అంటే 3 వచ్చేది, పైథాన్ 3లో 3.5. పాత పాఠాలు చూసి నేర్చుకునేవాళ్లకు తేడా కొట్టేది ఇక్కడే.

100 గుడ్లు పట్టాలంటే ఎన్ని ఖాళీ ట్రేలు కావాలి? చాలామంది గుడ్లు // 30 + 1 అని రాస్తారు. 100కి 4 వస్తుంది, సరే. 90కి కూడా 4 వస్తుంది, తప్పు. సరైనది -(-గుడ్లు // 30). చూడటానికి తిక్కగా ఉన్నా ఇందులో కిటుకు ఉంది. // దశాంశాన్ని కత్తిరించదు, కిందివైపు పూర్ణాంకానికి దిగుతుంది. మైనస్ 3.33 నుంచి కిందికి దిగితే మైనస్ 4. బయటి మైనస్ దాన్ని 4 చేస్తుంది. 90కి సరిగ్గా 3. సీ భాషలో భాగహారం సున్నావైపు కత్తిరిస్తుంది, అక్కడ -100 / 30 అంటే -3. అందుకే ఈ కిటుకు సీలో పనిచేయదు.

రెండో విడత: పైసలు

గుడ్డు 6 రూపాయల 10 పైసలు, మూడు గుడ్లు. 6.1 * 3 కొడితే 18.299999999999997 వచ్చింది. పైథాన్ చెడిపోలేదు. 6.1ని బైనరీలో (0, 1లతోనే రాసే పద్ధతిలో) కచ్చితంగా రాయడం కుదరదు, దగ్గరి సంఖ్యను దాస్తుంది, గుణించినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. 0.1 + 0.2 == 0.3 అని అడిగితే ఫాల్స్ అనడానికీ ఇదే కారణం. డబ్బును దశాంశాల్లో దాచకండి, పైసల్లో పెట్టండి. 610 * 3 అంటే 1830. బిల్లు మీద వేసేటప్పుడు 1830 // 100 రూపాయలు, 1830 % 100 పైసలు.

దీనికీ ఒక గుంట ఉంది. పగిలిన గుడ్లకు తిరిగివ్వాల్సిన డబ్బును -1830గా దాస్తే, -1830 // 100 అంటే -19, -1830 % 100 అంటే 70. బిల్లు మీద "-19 రూపాయల 70 పైసలు" అని పడుతుంది! పైథాన్ లెక్క ప్రకారం తప్పేమీ లేదు, -19 వందలకు 70 కలిపితే -1830 వచ్చేస్తుంది. మనిషికి మాత్రం అర్థం కాదు. ముందు మైనస్ తీసేసి విడగొట్టాలి, చివర్లో గుర్తు అతికించాలి.

మూడో విడత: కీబోర్డు నుంచి వచ్చే అంకెలు

ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా స్ట్రింగే, అంకెలా కనిపించే అక్షరాల వరుస. "3" + 30 అంటే టైప్ఎర్రర్ వస్తుంది, అది మంచిదే, తప్పు వెంటనే తెలుస్తుంది. ప్రమాదం * దగ్గర ఉంది. "3" * 30 అంటే 90 కాదు, 3 అనే అక్షరం ముప్పైసార్లు వరుసగా. ఎర్రర్ ఉండదు. ఇంకా చిత్రం "100" % 30. స్ట్రింగ్ ఎడమవైపు ఉంటే % శేషం తీయదు, వాక్యంలో ఖాళీలు నింపే ఆపరేటర్ అవుతుంది. అందుకే వచ్చే ఎర్రర్‌లో స్ట్రింగ్ ఫార్మాటింగ్ అని ఉంటుంది. భాగహారం చేస్తే ఈ గోలేమిటని తల పట్టుకోకండి, స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే ఇంట్ పెట్టడం మరిచారంతే. పోల్చేటప్పుడూ ఇదే తంతు: "10" < "9" ట్రూ, ఎందుకంటే మొదటి అక్షరాలనే పోలుస్తుంది.

తెలుగు అంకెలు కొట్టినా ఇంట్‌కు అభ్యంతరం లేదు, "౩౦" ఇస్తే 30 చేస్తుంది. కోడ్‌లో నేరుగా ౩౦ అని రాస్తే మాత్రం ఒప్పుకోదు.

నాలుగో విడత: షరతులు

10 నుంచి 20 ట్రేలు కొన్నవాళ్లకు తగ్గింపు. పైథాన్‌లో 10 <= ట్రేలు <= 20 అని ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు. సీలో ఇదే రాస్తే మొదటి పోలికకు 0 లేదా 1 వస్తుంది, ఆ రెండూ 20 కన్నా తక్కువే కాబట్టి అందరికీ తగ్గింపు దక్కుతుంది.

రకం == "నాటు" ఆర్ "ఫారం" అని రాస్తే షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. ఆర్ కుడివైపు ఉన్నది పోలిక కాదు, ఉత్త స్ట్రింగ్. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా పైథాన్‌కు నిజమే. రకం == అన్నది రెండోసారి కూడా రాయాలి.

సీ నేర్చుకుని వచ్చినవాళ్లు ++గుడ్లు అని కొడతారు. ఎర్రర్ రాదు, గుడ్లూ పెరగవు. పైథాన్ దాన్ని రెండు ప్లస్ గుర్తులుగా చదువుతుంది. పెంచాలంటే గుడ్లు += 1.

ఐదో విడత: బాకీ మీద వడ్డీ

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24. పదివేలకు మూడేళ్లకు ఏడాది చక్రవడ్డీ లెక్క 10000 * (1 + 24 / 100) ** 3, సుమారు 19,066 రూపాయలు. బారువడ్డీ అయితే అసలుతో కలిపి 17,200. బ్రాకెట్ మరిచిపోతే 10000.000024 వస్తుంది. ఘాతం గుర్తు ** అన్నిటికన్నా ముందు 100ని పట్టుకుంటుంది, తర్వాత గుణకారం, భాగహారం, చివర కూడిక. మైనస్ కన్నా కూడా ** ముందే, అందుకే -2 ** 2 అంటే -4. ఘాతానికి ^ వాడితే ఇంకా ఘోరం: 10 ^ 2 అంటే 100 కాదు, 8. అది బిట్ల మీద పనిచేసే వేరే ఆపరేటర్.

మిగిలిన పని: పేర్ల వరుస

బాకీదారుల పేర్లను < తో వరుసపెడితే "కళ" ముందు, "కవిత" తర్వాత వస్తున్నాయి. మన వర్ణమాలలో ళ స్థానం హ తర్వాత, యూనికోడ్‌లో (కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికి నంబరు ఇచ్చే పట్టికలో) మాత్రం ల పక్కనే, వ కన్నా ముందు. < పోల్చేది యూనికోడ్ నంబర్లనే. అక్షరాల క్రమాన్ని ఒక స్ట్రింగ్‌గా రాసుకుని, ప్రతి అక్షరం అందులో ఎన్నో స్థానంలో ఉందో చూసి ఆ స్థానాలను పోల్చాలి. ఒత్తులు, గుణింతాలు విడి అక్షరాలుగా వస్తాయి కాబట్టి వాటినీ ఆ వరుసలో చేర్చాలి. అది పూర్తయ్యేదాకా జాబితా ఖాతా నంబరు వరుసలోనే నడుస్తోంది.