పద్దెనిమిది కర్రలు

పదకొండు దాటింది. గిన్నెలు సర్దేశాను, స్టవ్ తుడిచేశాను, చిన్నది ఎప్పుడో పడుకుంది. అయినా నిద్ర రావట్లేదు. ఇవాళ భోజనాల దగ్గర విన్న ఒక మాట బుర్రలోంచి పోవట్లేదు.

మనవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఇళ్ళ రేట్లు, వీసా కబుర్లు తగ్గి గోల్ఫ్ కబుర్లు పెరిగాయి. మా ఆయన సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది! గ్యారేజీలో నా సైకిల్ తీసేసి ఆ సంచీ పెట్టినప్పుడే నేనేమీ అనలేదు. ఇవాళ వచ్చినాయన మాత్రం ఆ రకం కాదు. పేరు రాయను, వాళ్ళావిడ నా టపాలు చదువుతారు. గోంగూర పచ్చడి మూడోసారి వేసుకుంటూ, "మీ ఊళ్ళో ఉన్నది కూడా గోల్ఫ్ కోర్సేనా అండీ? బెండెలో అని ఒకడుండేవాడు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి పద్దెనిమిది కర్రలు పాతి, పాతిక డాలర్లు జేబులో వేసుకుని పోయేవాడు. అలాంటివే ఇవన్నీ" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ప్రతి శనివారం తను ఆడేది ఆ కోర్సులోనే, తెల్లారకుండా లేచి పరిగెత్తేదీ అక్కడికే.

ఆ తర్వాత అరగంట డొనాల్డ్ రాస్ పురాణం, గోల్ఫ్ కోర్సులు గీయడంలో పేరుమోసిన మనిషి. అట్లాంటాలో ఈస్ట్ లేక్ గోల్ఫ్ క్లబ్బుకి టూర్ ఛాంపియన్‌షిప్ పోటీ చూడ్డానికి వెళ్ళారట, రాస్ గీసిన కోర్సంటే ఆ దర్జాయే వేరట. మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేత్తో గాల్లో లేని క్లబ్బు, అదే గోల్ఫ్ కర్ర, తిప్పుతూనే ఉన్నారు. సాంబారు గిన్నె పక్కకి జరపడం నా పనైంది. నాకు గోల్ఫ్ మీద పెద్ద ప్రేమ లేదు, కానీ ఎవరో చేసిన పనిని ఇలా చెంచాతో పక్కకి నెట్టేయడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

వాళ్ళు వెళ్ళాక కూర్చుని చదివాను. టామ్ బెండెలో 1868లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో పుట్టాడు. 1892లో అమెరికా వచ్చి న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో టైపు కూర్చే పనిలో చేరాడు. లాంగ్ ఐలాండ్‌లో స్టాండర్డ్ ఆయిల్ డబ్బున్న ప్రాట్ కుటుంబం గోల్ఫ్ నేర్పే మనిషి కావాలని ప్రకటన ఇస్తే వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆటసామాన్ల కంపెనీ స్పాల్డింగ్ పిలిచింది. క్లబ్బులూ బంతులూ అమ్ముడుపోవాలంటే ముందు ఆడుకోవడానికి నేల ఉండాలి కదా! 1901లో షికాగో చేరాడు, మన ఊరికే. ఊరూరా తిరుగుతూ మొత్తం మీద ఆరు వందలకి పైగా కోర్సులు వేశాడని లెక్క.

కర్రలు పాతిన మాట నిజమే. నేలంతా నడిచి, మొదటి కర్ర బంతి కొట్టేచోట, అడుగులు లెక్కపెట్టి ఇంకోటి ఇసక గుంట ఉండాల్సినచోట, చివరిది గ్రీన్ దగ్గర, అంటే బంతి పడాల్సిన చిన్న కన్నం ఉండే నున్నటి పచ్చిక దగ్గర. కొట్టేచోటు నుంచి ఆ కన్నందాకా ఒక హోలు. మిగతా పని ఊరివాళ్ళదే. అప్పుడు బుల్డోజర్లు లేవు, మట్టి లాగాలంటే గుర్రాలే. గుట్టలు లేపుతామంటే డబ్బెవరిస్తారు? గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని చిన్న ఊళ్ళు అవి.

ఇక్కడే నాకు పెదనాన్న గుర్తొచ్చారు. తాడేపల్లిగూడెంలో పి.డబ్ల్యు.డి. నుంచి రిటైరయ్యాక ఆదివారాలు ఎవరో ఒకరు వచ్చేవారు, స్థలం కొలతలు రాసుకున్న చీటీ పట్టుకుని. పెదనాన్న క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి, చుట్ట ఆరిపోయే లోపల ప్లాను గీసేసేవారు. మర్నాడు పొద్దున్నే సైటుకి. నన్నూ తీసుకెళ్ళేవారు, పురికొస పట్టుకోవడానికి. ఈశాన్యం మూల మొదటి మేకు. నోట్లో రెండు మేకులు పెట్టుకునే, "పాపా, లాగి పట్టుకో, వదిలావంటే గోడ వంకర పోతుంది" అనేవారు. కొస వేళ్ళకి కోసుకుపోయేది. ఆ తర్వాత మేస్త్రీ డబ్బాతో సున్నం జార్చుకుంటూ ముగ్గు పోస్తుంటే, ఖాళీ నేల మీద గదులు పుట్టేవి. ఇంటావిడ వచ్చి ఆ తెల్లగీతల మధ్య నిలబడి "ఇది వంటిల్లా అన్నయ్యగారూ?" అనడం, పెదనాన్న "కాదమ్మా, మీరు దేవుడి గదిలో ఉన్నారు, చెప్పులు తియ్యండి" అనడం నాకిప్పటికీ చెవిలో ఉంది. డబ్బిస్తే పుచ్చుకునేవారు, లేకపోతే అరటిగెల. ఆ వీధిలో సగం ఇళ్ళు ఆయన చేతివే. అద్దె గదిలో ఆరుగురు పడుకునేవాళ్ళకి అవి సొంతిళ్ళు.

పోయినసారి వెళ్ళినప్పుడు అన్నయ్య కూతురు, ఆర్కిటెక్చర్ చదివింది కదా, అందులో ఒక ఇల్లు చూసి "ఎవరు గీశారత్తా ఇది? మధ్యగదికి ఒక్క కిటికీ లేదు!" అని నవ్వింది. వాళ్ళ తాతయ్యేనని నేను చెప్పలేదు. ఇవాళ భోజనాల దగ్గర ఆ నవ్వే మళ్ళీ విన్నట్టయింది.

ఇంతవరకూ రాసి, పబ్లిష్ నొక్కేద్దామనుకున్నాను. కానీ ఆ మధ్యగది నిజంగానే చీకటి. పగలు కూడా లైటు వేసుకోవాలి. ఆ ఇంటావిడ బియ్యం ఏరుకోవాలంటే చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. పెదనాన్న మంచితనంతో ఆ గదికి వెలుగు రాలేదుగా! బెండెలో కూడా అంతే. ఈస్ట్ లేక్ మొదట వేసింది ఆయనే, 1908లో తెరిచారు. ఈ ముక్క ఆ గోంగూర పెద్దమనిషి ఇంట్లో ఉండగా తెలిసుంటే ఎంత బాగుండేది! బాబీ జోన్స్ అంతటి గోల్ఫ్ ఆటగాడు చిన్నప్పుడు ఆడింది ఆ నేల మీదే. కానీ అందులో పార్ త్రీ హోల్స్, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టివి, రెండంటే రెండే, అదీ ఒకటో నంబరు, మూడో నంబరు. ఆ తర్వాత పదిహేను హోల్సూ పొడుగువే. ఎవరైనా అలా వేస్తారా? రాస్ 1913లో దాన్ని తిరగేసి వేశాడు. వేయక తప్పలేదు కూడా.

పైగా, తప్పంతా హడావుడిది కాదు. రబ్బరు దారం చుట్టిన కొత్త బంతి వచ్చింది, పాత బంతికంటే ఎక్కువ దూరం పోతుంది. పాత కొలతల కోర్సులన్నీ కొన్నేళ్ళలోనే పొట్టివైపోయాయి. తర్వాతివాళ్ళు వచ్చి పొడిగించారు, పేర్లు వాళ్ళవే నిలిచాయి. కొన్ని కోర్సుల మీద ఇళ్ళు లేచాయి.

అయితే పెదనాన్నకీ ఈయనకీ ఒక తేడా ఉంది. పెదనాన్న చివరిదాకా అదే ప్లాను గీశారు, చెబితే వినేవారు కాదు. బెండెలో నేర్చుకున్నాడు. 1920లో ఇక్కడ అమెరికన్ పార్క్ బిల్డర్స్ అనే కంపెనీలో చేరాక నక్షాలు, మట్టిపనులు అన్నీ పద్ధతిగా. మనం మెడీనా వైపు వెళ్ళేటప్పుడు చెట్ల వెనక గుమ్మటాలు కనిపిస్తాయే, ఆ క్లబ్బులో మూడు కోర్సులూ ఆయనవే. మూడోది 1928లో తెరిచారు. 1930లో హ్యారీ కూపర్ అనే ఆటగాడు దాన్ని 63 దెబ్బల్లోనే ముగించేసేసరికి క్లబ్బువాళ్ళకి తల కొట్టేసినట్టయి, కష్టంగా మార్చమన్నారు. మార్చింది కూడా బెండెలోనే, అరవైల్లో పడిన మనిషి. తర్వాత అక్కడ మూడుసార్లు యు.ఎస్. ఓపెన్ పోటీ జరిగింది, టైగర్ వుడ్స్ రెండుసార్లు పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ గెలిచాడు. బెండెలో 1936లోనే పోయాడు. ఆ తర్వాత ఇంకెంతమందో దాన్ని తవ్వి మార్చారు, ఈమధ్య కూడా మళ్ళీ తవ్వారు. ఇప్పుడు అందులో ఆయన పాతిన కర్ర చోటు ఎక్కడుందో వెతకాల్సిందే.

ఎక్కువ మెచ్చుకుంటున్నానేమో కూడా. అన్ని వందల కోర్సుల్లో చప్పగా ఉన్నవే ఎక్కువై ఉండొచ్చు. మన ఊరిది చప్పనే, ఏడో హోలు దగ్గర నాకే ఆవలింత వస్తుంది. కానీ అక్కడ మొన్న ఒక బంతి సరిగ్గా తగిలి, గాల్లో తిన్నగా పోయింది. చేతికి ఏమీ తగల్లేదన్నంత తేలిగ్గా. సరే, దాని గురించి ఇంకోసారి.

ఇంకో విషయం కూడా చదివాను. న్యూయార్క్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కు కోర్సు, అమెరికాలో జనమందరికీ తెరిచిన మొదటిది, దాన్ని 1899లో 18 హోల్స్‌కి పెంచింది బెండెలోనే. జనం గుంపులుగా వచ్చి పడుతుంటే, ముందే టైము రాయించుకుని ఆడే పద్ధతి పెట్టిందీ ఆయనే. మన కోర్సులో వచ్చే శనివారం బుకింగు పన్నెండింటికి తెరుస్తారు. "ఆరున్నర టైము పట్టెయ్, నువ్వెలాగూ మెలకువగానే ఉంటావుగా" అని చెప్పి మా ఆయన గురక పెడుతున్నారు. ఈ ఒక్కదానికి మాత్రం బెండెలోని నేను వెనకేసుకు రాను. ఇంకా తొమ్మిది నిమిషాలుంది.