బిడ్డ జైల్లో ఉంటే అర్జీ ఎవరికి, ఎలా రాయాలి?

సోమవారం వస్తే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కలెక్టరాఫీసు ముందు అర్జీలు రాసేవాళ్ల దగ్గర ఓ తల్లి కూర్చోవచ్చు. "మా వాడు ఏ పాపమూ ఎరగడయ్యా, వదిలిపెట్టండి" అని రాయిస్తుంది. కడుపుకోత నిజమే. కానీ శిక్ష తగ్గించే అధికారం కలెక్టరుకు లేదు.

కేసు ఇంకా నడుస్తూ, పిల్లాడు రిమాండులోనే ఉంటే కావాల్సింది బెయిలు, క్షమాభిక్ష కాదు. శిక్ష పడ్డాకే ఈ అర్జీ. గవర్నరుకైతే రాజ్యాంగం 161వ అధికరణ కింద, రాష్ట్ర ప్రభుత్వానికైతే పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 473వ సెక్షన్ కింద రాయాలి. ఖైదీ తానే పెట్టుకుంటే జైలు సూపరింటెండెంటు ద్వారా వెళ్లాలి, అంటే నెల్లూరు సెంట్రల్ జైల్లో ఉన్నవాళ్లకు చెముడుగుంట నుంచే. అమ్మానాన్నలు రాస్తే 473 కింది అర్జీలో "మా అబ్బాయి ఫలానా జైల్లో శిక్ష అనుభవిస్తున్నాడు" అన్న ప్రకటన తప్పనిసరి. ఈ ఒక్క వాక్యం మరిచిపోతే అర్జీ విచారణకే రాదు.

హత్యకేసు యావజ్జీవమైతే అదే చట్టం 475వ సెక్షన్ అడ్డం వస్తుంది: రెమిషన్ (శిక్షలో ఇచ్చే తగ్గింపు) రోజులు కలపకుండా 14 ఏళ్లు జైల్లో గడపాలి. రిమాండు రోజులు కలుస్తాయి కాబట్టి తేదీలు సరిచూసుకోండి. 14 నిండితే వదిలేస్తారన్నది ఊళ్లో మాట. అప్పుడు పరిశీలనకు అర్హత వస్తుంది, అంతే. 161కి ఈ అడ్డు లేదు.

తీర్పిచ్చిన కోర్టు జడ్జి అభిప్రాయం అడగొచ్చు గనక కోర్టు పేరు, కేసు నంబరు, తీర్పు తేదీ, సెక్షన్లు, అప్పీలు ఏమైందీ, ఖైదీ నంబరు అన్నీ రాయాలి. పేరు జడ్జిమెంటులో ఎలా ఉంటే అలాగే. నిర్దోషి అన్న వాదనే మోస్తే అర్జీ రెండో అప్పీలులా తయారవుతుంది. పెరోలుకొచ్చి గడువుకే వెనక్కి వెళ్లిన తేదీలు, తల్లిదండ్రుల జబ్బుకు ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్, బయటికొస్తే ఏ ఇంట్లో ఉండి ఏ పని చేసుకుంటాడో, ఇవే బరువు.

ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం గుచ్చితే బలమనుకుంటారు. ఏపూరు సుధాకర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు మన గవర్నరిచ్చిన రెమిషన్‌నే కొట్టేసింది. ఖైదీ ఫలానా పార్టీ మంచి కార్యకర్త అన్న మాట ఫైల్లో దొర్లడం కూడా అందులో తప్పుపట్టింది. కాబట్టి ఆ ఉత్తరం ఇంట్లోనే ఉంచండి.

ప్లీడరు ఫీజుకు డబ్బుల్లేకపోతే జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకూ ఖైదీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితం. అర్జీ నకలు మీద రసీదు ముద్ర వేయించుకోకుండా మాత్రం రావద్దు.