ఇంగ్లిష్ మీడియం పిల్లలకు దీనియాత్ చెప్పేటప్పుడు

నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు మక్తబ్‌కు, అంటే ఖుర్ఆన్, దీనియాత్ (మతపాఠాలు) నేర్పే బడికి, వచ్చే పిల్లల్లో ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం వాళ్లు బాగానే ఉంటున్నారు. ఇంట్లో దక్కనీ, గల్లీలో తెలుగు, చదవగలిగేది ఇంగ్లిష్. ఉర్దూ లిపి రాదు. అందుకని ఖుర్ఆన్ సూరాలను (అధ్యాయాలను) ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టిస్తుంటారు. పని తొందరగానే అవుతుంది గానీ, తర్వాత సరిదిద్దాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

అరబీలో సీన్, సాద్, సా వేరువేరు అక్షరాలు, మూడింటికీ ఇంగ్లిష్‌లో ఒకటే 'ఎస్'. రెండు హాలకూ ఒకటే 'హెచ్'. ఐన్‌కైతే అక్షరమే లేదు. దానికి తోడు మన దక్కనీలో ఖాఫ్ అనే అక్షరాన్ని ఖా అనే ఇంకో అక్షరంలాగే పలుకుతాం, తెలుగులో రాసినా అంతే. ఇఖ్లాస్ సూరా మొదటి మాట 'ఖుల్'లోనే ఇది దొరికిపోతుంది. ఖాఫ్‌కు నాలుక మొదలు కొండనాలుక దగ్గర అంగిలికి గట్టిగా తగిలి విడిపోవాలి. అరచెయ్యి నోటి ముందు పెట్టి పలకమనండి: గరగరమంటూ గాలి సాగితే అది ఇంకా ఖానే, టక్కున తెగితే ఖాఫ్. రోజూ సబఖ్‌కు (పాఠానికి) ముందు రెండు నిమిషాలు ఇదొక్కటి చేయిస్తే చాలు.

అక్షరాల పేర్లను ఇంట్లో దాదీ ఉర్దూ తీరుగా 'బే, తే' అంటుంది, ఫోన్‌లో యాప్ అరబీ తీరుగా 'బా, తా' అంటుంది. ఖుర్ఆన్ కోసమే అయితే 'బా, తా' ఖాయం చేసుకోండి, ఇంట్లోనూ చెప్పండి.

ఖాయిదాలో, అంటే అక్షరాలు నేర్పే మొదటి పుస్తకంలో, అసలు గండం కలిపి రాసే చోట వస్తుంది. అలిఫ్, దాల్, జాల్, రా, జా, వావ్, ఈ ఆరూ తర్వాతి అక్షరంతో కలవవు. ఆ సందు చూసి పిల్లలు మాట అయిపోయిందనుకుని ఆగిపోతారు. ఆరింటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టించండి. సూరాల అర్థం మాత్రం ఇంగ్లిష్‌లో రాసిస్తే తప్పేం లేదు, వాళ్లు చదివేది అదే కదా.

వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే పద్ధతి) బోర్డు మీద రాస్తే రాదు. ఒక్కొక్కరికి లీటరు బాటిల్ ఇచ్చి చేయించండి: మణికట్టు దాకా చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులతో సహా చేతులు, తలకు తడిచేత్తో ఒకసారి మసహ్ (తడమడం), చీలమండల దాకా కాళ్లు. ముఖం దగ్గరే సగం ఒంపేస్తారు, కాళ్ల దగ్గరికొచ్చేసరికి మడమలు పొడిగానే ఉంటాయి. అట్లయితే వుజూ కాదు. నీళ్లు తగ్గితే ఒక్కోసారే కడగమనండి. ఫర్జ్‌కు (తప్పనిసరి దానికి) ఒకసారి చాలు, మూడుసార్లు సున్నత్ (ప్రవక్త పద్ధతి). ఇంకోటి, ఫుల్ హ్యాండ్స్ యూనిఫాంతో వచ్చినోళ్లకు ముందుగా చేతి గుండీ విప్పించాలి. చొక్కా చెయ్యి అట్లే పైకి నెట్టుకుంటే మోచేతి వెనక నీళ్లు అంటవు.