ఆ యాభై శాతం ఎవరిలో?

మొన్న రాత్రి పదింటికి అక్క కూతురు ఒక లెక్క ఫొటో పంపి, "పిన్నీ, ఎటు చేసినా ఆన్సర్ రావట్లేదు, ప్రశ్నే తప్పు" అంది. కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌కి చదువుతోంది, 3 గంటల్లో 200 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం కూడా పడదు, ఆ టెన్షన్ నాకు తెలుసు.

లెక్క ఇదీ. ఒక పరీక్షలో 42% మంది లెక్కల్లో, 35% మంది ఇంగ్లీషులో ఫెయిల్. లెక్కల్లో ఫెయిలైనవాళ్ళలో 50% మంది ఇంగ్లీషులోనూ ఫెయిల్. రెండింట్లో పాసైనవాళ్ళు 176 మంది. మొత్తం ఎంతమంది రాశారు?

తను 42, 35 కూడి, 50 తీసేసింది. ఫెయిల్ 27, పాస్ 73 శాతం. దాంతో మొత్తం కడితే 241 మంది, పైన ఇంకో ముక్క! మనుషుల్లో ముక్కలేంటే అని నవ్వాను. నిజానికి అక్కడిదాకా పోనక్కర్లేదు. లెక్కల్లో తప్పినవాళ్ళే 42 అయితే రెండింట్లో తప్పినవాళ్ళు 50 ఎలా అవుతారు?

ఆ 50% మొత్తంలో కాదు, ఆ 42లో. అంటే 21. ఇప్పుడు 42, 35 కలిపితే 77, ఈ 21 శాతం మందినీ రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఒకసారి తీసేస్తే 56. మిగిలిన 44 శాతమే 176 మంది, మొత్తం 400. సరిచూడాలంటే, లెక్కల్లో మాత్రమే 84, ఇంగ్లీషులో మాత్రమే 56, రెండింట్లో 84, పాస్ 176. కూడితే 400 వచ్చేసింది.

పదో తరగతిలో సమితులు, సమ్మేళనం, ఛేదనం అని ఈ సూత్రమే బట్టీ పట్టాం, కానీ "వాళ్ళలో" అన్న మాట దగ్గర ఆగమని నాకైతే ఎవరూ చెప్పలేదు. నేనిప్పటికీ శాతం కనిపిస్తే పక్కన "ఎవరిలో?" అని పెన్సిల్‌తో రాసుకుంటా.

ఇంకో రకం లెక్క చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. 70% మంది టీ, 60% మంది కాఫీ తాగుతారు, రెండూ తాగేవాళ్ళు ఎంత శాతం? కీలో 30 అని ఉంటుంది. అందరూ ఏదో ఒకటి తాగితేనే అది 30. ఏదీ తాగనివాళ్ళుంటే 60 దాకా ఎంతైనా కావచ్చు, ఆ సంగతి ప్రశ్నలో చెప్పాలి కదా.

ఇదంతా చెప్తే అది, "ఆప్షన్లలో 30 ఒక్కటే కుదిరేలా ఉంది పిన్నీ, పెట్టేస్తా" అంది. పెట్టేయమన్నాను.