మేడ మీద మీటరు, బోరు దగ్గర మీటరు

పోయిన సంక్రాంతికి అక్కా బావా మా ఇంటికి వచ్చినప్పుడు, కొత్తగా పెట్టించిన మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లను చూపిద్దామని బావను మేడ మీదికి తీసుకెళ్లాను. ఆయన వాటిని ఒకసారి అలా చూసి, కిందికి దిగి, గోడకు బిగించిన నెట్ మీటరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కదిరి దగ్గర ఏడెకరాల మెట్ట, రెండు బోర్లు ఉన్న రైతు ఆయన. మేము వాడుకున్న కరెంటునూ, గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటునూ అది విడివిడిగా లెక్కిస్తుందని చెబితే, “మీ ఇంటికి మీటరొస్తే సంబరం, మా బోరుకు మీటరొస్తే కొట్లాట. తేడా యాడుందంటావు?” అని అడిగాడు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ, కర్బనం తక్కువ వెలువరించే సాంకేతికతను జనం ఎప్పుడు ఒప్పుకుంటారు, ఎప్పుడు ఒప్పుకోరు అన్న ప్రశ్న మన దగ్గర మొత్తం ఆ మీటరు చుట్టూనే తిరుగుతోందని తర్వాత అనిపించింది.

బోరుకు మీటరు లేకపోవడం మన దగ్గర యాదృచ్ఛికంగా జరిగింది కాదు. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టిన నాటి నుంచి రైతు ఎన్ని యూనిట్లు వాడాడన్న లెక్క ఎవరికీ అవసరం లేకుండా పోయింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, ఆ వెనుకే ఛార్జీలు నిర్ణయించే నియంత్రణ మండలి, ఆపైన ఛార్జీల పెంపు వచ్చాయి. ఆ పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు చనిపోయారు. నాలుగేళ్ల తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా పెట్టిన తొలి సంతకం ఉచిత విద్యుత్తు మీద. ఇంత చరిత్ర మోస్తున్న రైతుకు మీటరు కేవలం కొలిచే పరికరంగా కనిపించాలనుకోవడం మన అమాయకత్వం.

కాబట్టే, విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలు కల్పిస్తామని 2020లో కేంద్రం చెప్పినప్పుడు, రెండు తెలుగు రాష్ట్రాలు చెరో దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ ఒప్పుకుని శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మీటర్లు పెట్టింది. బిల్లు సొమ్మును ప్రభుత్వమే రైతు ఖాతాలో వేస్తుందని, రైతు దాన్ని డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు కడతాడని, ఉచితం ఎక్కడికీ పోదని చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం ససేమిరా అంది, “మోటార్లకు మీటర్లు” అన్న మాట అక్కడ ఎన్నికల సభల దాకా వెళ్లింది. ఇక్కడి ప్రతిపక్షాలు ఆ మీటర్లను ఉరితాళ్లన్నాయి. సాంకేతికంగా చూస్తే మీటరు లేకుండా ఏ ఫీడరుకు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు, పొలాలకు వెళ్లే లైనుకు) ఎంత సౌర విద్యుత్తు కావాలో కచ్చితంగా తేల్చలేం, వ్యవసాయం పేరు మీద చూపే నష్టాల్లో నిజమెంతో, దొంగతనమెంతో చెప్పలేం. ఆ వాదన సరైనదే. అయితే బావ భయం ఇవాళ్టి బిల్లు గురించి కాదు. ఖాతాలో డబ్బు వేయడం రేపొచ్చే ప్రభుత్వం మానేస్తే, అప్పటికే మీటరు బిగించి ఉంటుంది కదా అని.

ఆ భయాన్ని పల్లెటూరి అనుమానమని కొట్టిపారేయడానికి నాకు 2019 అడ్డొస్తోంది. ఆ ఏడాది జులైలో కొత్త ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తిరిగి బేరమాడటానికి ఉన్నతస్థాయి కమిటీని వేసింది. యూనిట్‌కు రూ. 4.80 పైచిలుకు ఉన్న పవన విద్యుత్ ధర, పడిపోతున్న కొత్త వేలం ధరల పక్కన పెడితే, నిజంగానే ఎక్కువగా కనిపించేది. కేంద్రం వద్దంది, కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సింగిల్ జడ్జి ఆ ఉత్తర్వును కొట్టివేస్తూనే, వివాదం తేలేదాకా పవన విద్యుత్తుకు రూ. 2.43, సౌర విద్యుత్తుకు రూ. 2.44 చొప్పున చెల్లించమన్నారు. ఒప్పంద ధరే చెల్లించాలని అదే హైకోర్టు ధర్మాసనం తేల్చేసరికి 2022 మార్చి వచ్చింది. పాతికేళ్లకు సంతకం చేసిన కాగితం ప్రభుత్వం మారగానే వివాదమైన రాష్ట్రంలో, నోటిమాటగా ఇచ్చిన హామీని బావ నమ్మాలని నేను ఏ మొహంతో అడగను?

ఇక మా మేడ సంగతి. ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద మూడు కిలోవాట్లకు రూ. 78,000 రాయితీ వచ్చింది. ప్యానెళ్లు రెండు రోజుల్లో బిగించారు, నెట్ మీటరు కోసం మాత్రం నెలల తరబడి తిరిగాను. ఏ ఆఫీసు చుట్టూ అన్నది అనవసరం, ఎందుకంటే తప్పు ఆ కుర్చీలో కూర్చున్న మనిషిది మాత్రమే కాదని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అమలైన శ్లాబుల్లో నెలకు 30 యూనిట్లలోపు వాడే ఇంటికి యూనిట్ రూ. 1.90, 400 దాటితే ఆ పై యూనిట్లకు రూ. 9.75. పేదింటి దీపానికి అయ్యే ఖర్చును ఎక్కువ వాడే ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలు మోస్తున్నాయన్నమాట. మేడా, చేతిలో డబ్బూ ఉండి సౌర విద్యుత్తుకు ముందుగా మారేది ఆ పై శ్లాబుల వాళ్లే. ప్రతి నెట్ మీటరూ డిస్కంకు ఒక మంచి ఖాతాదారును దూరం చేస్తుంది, కనుక ఫైలు నెమ్మదిగానే కదులుతుంది. 2020 డిసెంబరులో కేంద్రం నెట్ మీటరింగ్‌ను పది కిలోవాట్లకు పరిమితం చేసి, గోల జరిగాక 2021లో 500 కిలోవాట్లకు పెంచడంలో ఉన్నదీ ఈ పెనుగులాటే.

అసలు పెద్ద మార్పు మా మేడ మీద జరగలేదు, బావ పొలంలో జరిగింది. ఒకప్పుడు అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వచ్చేది, టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య బోరు దగ్గరికి వెళ్లేవాళ్లు. కొందరు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటే కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు దానంతటదే తిరిగి, నీళ్లు మడవ దాటి పోయేవి. ఇప్పుడు పగలే తొమ్మిది గంటల సరఫరా. సౌర విద్యుత్తు పుష్కలంగా, చవకగా దొరికే వేళకే మోటార్లు తిరుగుతున్నాయంటే, బ్యాటరీలు అక్కర్లేకుండానే ఎండను వాడుకుంటున్నట్టు లెక్క. రైతు దాన్ని కోరుకున్నది భూతాపం కోసం కాదు, రాత్రి నిద్ర కోసం. ఇంత పెద్ద మార్పు ఏ మీటరునూ ముట్టుకోకుండా జరిగింది కనుకే, దాని మీద గొడవ కాలేదని నా అనుమానం.

ఆ పగటి కరెంటు కోసమేనంటూ 2021లో రాష్ట్రం కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ ‘సెకి’ ద్వారా యూనిట్ రూ. 2.49 చొప్పున 7,000 మెగావాట్లకు ఒప్పందం చేసుకుంది. దాని వెనుక లంచాలున్నాయని 2024 నవంబరులో అమెరికా ప్రాసిక్యూటర్లు ఆరోపించారు, ఆరోపణలు ఎదుర్కొన్నవారు వాటిని ఖండించారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే సంగతి: అంత పెద్ద ఏర్పాటులోనూ రైతు కేవలం ఉచితంగా పుచ్చుకునేవాడే, అమ్మేవాడు కాదు.

అమ్మేవాడైన చోటు ఒకటుంది. గుజరాత్ ఖేడా జిల్లా ఢుండీ గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘంగా ఏర్పడి, తోడుకోగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మడం మొదలుపెట్టారు. బదులుగా రాయితీ కరెంటు కనెక్షన్ అడిగే హక్కును వదులుకున్నారు. కదిరి లాంటి చోట దీనికి ఇంకో అర్థం ఉంది. గ్రిడ్‌తో సంబంధం లేని సోలార్ పంపు ఇస్తే ఎండ ఉన్నంతసేపూ తోడినా పైసా ఖర్చు లేదు, బోరు ఇంకా లోతుకు పోతుంది. మిగిల్చిన యూనిట్‌కు ధర ఉంటేనే మోటారు ఆపాలనిపిస్తుంది.

ఈ సంగతి ఫోన్లో చెబితే బావ చివరిదాకా విన్నాడు. “ఇటూ అటూ లెక్క రాసే మీటరైతే పెట్టమను, ఎవరు వద్దంటారో చూద్దాం. అయితే ఆ రేటు ఎన్నేళ్లకు రాసిస్తారో ముందు అది కనుక్కో” అన్నాడు.